ఆధారపడిన వ్యక్తి: భర్త

మా ఆయన పోయిన నాలుగో ఏడు, డిసెంబరు మొదటి వారంలో, ఆయన వికలాంగుల సర్టిఫికెట్టు పంపమని ఆదాయపు పన్ను శాఖ నాకు ఉత్తరం రాసింది.

స్పీడు పోస్టులో వచ్చింది. సంతకం పెట్టించుకుని పోస్టుమ్యాన్ వెళ్ళిపోయాడు. గుమ్మంలోనే చించి చదివాను. నా మీద ఆధారపడిన ఒక వ్యక్తికి ఎనభై శాతం పైగా వైకల్యం ఉందని చూపించి నేను పన్ను మినహాయింపు తీసుకున్నానట. ఆ వ్యక్తి ఎవరయ్యా అంటే, భర్త. పక్కన ఆయన ఆధార్ నంబరు. నిజమైతే రుజువు పంపాలట, పొరపాటైతే ఈ నెలాఖరులోగా రిటర్ను సవరించుకోవాలట. మొబైలుకీ మెయిలుకీ ఎన్ని సందేశాలు పంపినా జవాబు లేదు కాబట్టి పోస్టులో పంపుతున్నామని చివర్లో ఒక ముక్క. నా ఫోనుకి మాత్రం ఒక్క సందేశమూ రాలేదు.

మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదివేసరికి ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన ఒక్కరోజు మంచాన పడిన మనిషి కాదు. ఆయన చొక్కా ఆయనే ఇస్త్రీ చేసుకునేవారు. జ్వరం వచ్చినా తిన్న కంచం తనే కడుక్కునేవారు. "ఒకళ్ళ చేత నీళ్ళు పట్టించుకునే గతి పట్టకుండా పోవాలి" అనేవారు, అలాగే పోయారు. ఒక పొద్దున కాఫీ తాగి, పేపరు మడిచి, "కాస్త చెమట పడుతోంది, ఫ్యాను పెంచు" అన్నారు. నేను స్విచ్చి దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి అయిపోయింది. అలాంటి మనిషిని పట్టుకుని నా మీద ఆధారపడ్డవాడని, అవిటివాడని రాశారు. అదీ పోయాక.

రాసింది ఎవరో నాకు తెలుసు. నా రిటర్నులు వేసేది ఒక్కడే.

మేమిద్దరం పొదిలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు పనిచేశాం. ఆయన లెక్కలు, నేను సోషలు. రిటైరయ్యాక గుంటూరు వచ్చాం. పన్ను కాగితాలు ఎప్పుడూ ఆయనే చూసేవారు, నావీ తనవీ కలిపి. ముందు పెన్సిలుతో తెల్లకాగితం మీద వేసుకుని, రెండుసార్లు కూడి, ఆ తర్వాత పెన్నుతో ఫారం నింపేవారు. కంప్యూటర్లు వచ్చాక కూడా పెన్సిలు లెక్క మానలేదు. అది చూసుకుంటూ తనే కూర్చుని ఒంటివేలితో కొట్టేవారు. ఎవరికీ పైసా ఇవ్వలేదు. మనం సంపాదించినదేమిటో మనం చెప్పడానికి మధ్యలో ఇంకొకడు ఎందుకు అనేవారు. నేను పక్కన చిక్కుళ్ళు వలుచుకుంటూ ఉండేదాన్ని. ప్రత్యక్ష పన్నులు, పరోక్ష పన్నులు, పౌరుని బాధ్యతలు అని తరగతిలో ముప్ఫయ్యేళ్ళు గొంతు చించుకున్నాను గానీ, నా రిటర్ను ఎలా ఉంటుందో ఒక్కసారీ తొంగి చూడలేదు. సిగ్గులేని పంతులమ్మని.

ఆయన పోయాక ఆయన చివరి రిటర్ను వారసురాలిగా నేను వేయాలన్నారు. అది నాకు ఏం తెలుసు? ఆ సమయానికి వచ్చాడు వీడు. మా స్కూల్లోనే చదివాడు, మా ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. గుంటూరులో పన్నుల పని చేస్తాడు, మిర్చి వ్యాపారుల ఫైళ్ళన్నీ వాడి దగ్గరే. పదకొండో రోజు భోజనాలకి వచ్చి, ఫోటోకి దండం పెట్టి, నా కాళ్ళకి కూడా పెట్టాడు. "టీచర్ గారూ, ఇంక కాగితాల సంగతి మీకెందుకండి, నేను లేనూ? మీ దగ్గర ఫీజు తీసుకుంటే కళ్ళు పోతాయి. ఫ్రీగా చేస్తా. రీఫండేమైనా వస్తే అందులో మీకు తోచింది ఇవ్వండి, గురువుగారి ఆశీర్వాదం అనుకుంటా" అన్నాడు. ఆ మాటకి నేను కరిగిపోయాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇంకో గరిటె పప్పు వడ్డించాను.

మా పంతుళ్ళ జాతి జబ్బే అది. ఊళ్ళో ఎవణ్ణయినా అనుమానిస్తాం, కూరగాయల వాడి తక్కెడ పట్టుకుని చూస్తాం. కానీ మన దగ్గర ఆరో తరగతి చదివినవాడు వంగి కాళ్ళకి దండం పెడితే చాలు, ఇంటి తాళాలు ఇచ్చేస్తాం. మా రిటైర్డు టీచర్లలో సగంమంది పన్ను కాగితాలు వాడికే ఇచ్చారు. "మనవాడు" అంటాం. ఆదివారం పొద్దున పార్కులో కూర్చున్నప్పుడు, ఎవరికెంత రీఫండు వచ్చిందో చెప్పుకుని, మనవాడు బంగారం అని మురిసిపోతాం. ఎందుకు వచ్చిందని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఉత్తినే వస్తే ఎవరు కాదంటారు?

ఉత్తరం పట్టుకుని ఆటో ఎక్కాను. బ్రాడీపేటలో ఒక సందులో మేడ మీద వాడి ఆఫీసు. గదిలో వరసగా ఫైళ్ళు, పైన దేవుడి పటాలు. నన్ను చూడగానే లేచి నిలబడి వంగబోయాడు. "కాళ్ళు ముట్టుకోకు" అన్నాను.

ఉత్తరం బల్ల మీద పెట్టాను. చూశాడు. దొంగకి తేలు కుట్టినట్టు అయిపోతాడనుకున్నాను, అదేం లేదు. కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"ఇది రొటీన్ అండి టీచర్ గారూ. కంప్యూటరు పంపిస్తది, మనుషులు చూడరు. మీరేం కంగారు పడకండి. డాక్టరు ఒకాయన ఉన్నారు, సర్టిఫికెట్ నేను తెప్పిస్తా."

"ఎవరికి తెప్పిస్తావురా సర్టిఫికెట్టు? చచ్చిపోయినాయనకా?"

"పాత డేటు వేయిద్దామండి."

"ఒరేయ్, ఆయన డెత్ సర్టిఫికెట్టు నీ దగ్గరే ఉంది. ఆ కంప్యూటర్లోకి ఎక్కించింది నువ్వే. చివరి రిటర్ను వేసింది నువ్వే. పదకొండో రోజు మా ఇంట్లో అరిటాకులో తిన్నావు. తెలీదనకు."

అప్పుడు కాస్త గొంతు తగ్గించాడు. పక్కగదిలో ఎవరో మిర్చి వ్యాపారి కూర్చున్నాడు, ఆయనకి వినబడుతుందని భయం. "ఎవరికి నష్టం చెప్పండి టీచర్ గారూ? సార్ లేరు, సార్‌కి నష్టం లేదు. గవర్నమెంటు మీ డబ్బే మీకిచ్చింది. మూడేళ్ళు తీసుకున్నారుగా? అప్పుడు అడగలేదుగా? సార్ ఉన్నప్పుడు జీతం ఇంట్లో ఇచ్చారు, ఇప్పుడు ఇలా ఇస్తున్నారనుకోండి."

నా చేతిలో గొడుగు ఉంది. దానితో కొట్టనందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలీదు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఒక్క పిల్లవాణ్ణి కొట్టలేదు, ఆ రోజు కొట్టాల్సింది. మూడేళ్ళు. అంటే ఆయన బూడిద కృష్ణలో కలిపిన తర్వాత మూడేళ్ళు, ఏటా జులైలో వీడు ఆయన్ని లేపి, ఎనభై శాతం అవిటివాణ్ణి చేసి, నా మంచాన పడుకోబెట్టి, వచ్చిన దాంట్లో తన వాటా తీసుకున్నాడు. నేను తోచింది ఇవ్వడమేమిటి, ఇంత అని అడిగి మరీ తీసుకున్నాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

"నా యూజరు పేరూ పాస్‌వర్డూ రాసివ్వు" అన్నాను.

"అవి మీకు అర్థం కావండి."

"ఇవ్వు."

"చూసి వాట్సాప్ చేస్తా" అన్నాడు. చెయ్యలేదు. సాయంత్రం దాకా ఎదురుచూసి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

డబ్బు వెనక్కి కట్టాల్సి వస్తుందని నాకు అప్పటికే అర్థమైంది, కడతాను. నాకు పట్టుకున్న పంతం అది కాదు. నెలాఖరు దాటితే ఆ రిటర్ను అలాగే ఉండిపోతుంది. ప్రభుత్వం వారి పుస్తకాల్లో మా ఆయన శాశ్వతంగా నా మీద పడి తిన్న మనిషిగా మిగిలిపోతారు. ఆయన పెన్సిలుతో రెండుసార్లు కూడి నింపిన ఫారాలన్నిటి తర్వాత, చివరి మాట ఆ వెధవది అవుతుంది. అది జరగనివ్వను అనుకున్నాను. ఎలాగో మాత్రం తెలీదు.

మర్నాడు అక్క దగ్గరికి వెళ్ళాను. సొంత అక్క కాదు. మా స్కూల్లో హిందీ చెప్పిన ముస్లిం ఆవిడ, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, ఎనభై రెండు. మా వెనక వీధిలోనే ఉంటుంది. నా పెళ్ళయిన కొత్తలో నన్ను "అమ్మాయ్" అని పిలవడం మొదలుపెట్టి ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. ఆవిడ కాగితాలూ వాడి దగ్గరే. ఉత్తరం చదివి వినిపించాను.

వింటున్నంతసేపూ ఆవిడ మొహం నల్లబడింది. నా మీద జాలితో అనుకున్నాను. కాదు.

"ఇప్పుడేం చేస్తావు అమ్మాయ్?"

"పన్ను ఆఫీసుకెళ్ళి చెప్తాను."

"చెప్తే?"

"చెప్తే వాడి సంగతి తేలుతుంది."

"వాడి సంగతే తేలుతుందా? మా సంగతి తేలదా?" అని గద్దించింది. "అందరి ఫైళ్ళూ లాగుతారు. ఈ వయసులో నన్ను కోర్టులకి తిప్పుతావా? నీకు వచ్చింది నువ్వు కట్టుకుని ఊరుకో. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు తెస్తావు?"

"నీకేం రాశాడో తెలుసుకోవద్దా అక్కా?"

"వద్దు. నాకు తెలీదు, తెలుసుకోను. నీ మొగుడంటే నీకు పౌరుషం ఉంటే ఇంట్లో పెట్టుకో."

ఆ మాటకి నేనూ ఊరుకోలేదు. నలభై ఏళ్ళలో ఎప్పుడూ అనని మాటలు అన్నాను. ఫినాయిల్ ఫ్రీగా ఇస్తే తాగే రకం మీరందరూ అన్నాను. ఆవిడ తలుపు తీసి చెయ్యి చూపించింది. ఆదివారం పార్కులో నేను వెళ్ళి కూర్చోగానే బెంచీ మీది వాళ్ళు ఒక్కొక్కరే నడకకి లేచారు. ఆవిడ చెప్పిందని అర్థమైంది. మోకాళ్ళ నొప్పులని అడుగు వేయని మనుషులు కూడా లేచి నడిచారు.

సోమవారం మంగళగిరి చీర కట్టుకుని, ఆయన పాత ఫైలు చంకలో పెట్టుకుని, పన్ను ఆఫీసుకి వెళ్ళాను. కింద సహాయ కేంద్రం అని బోర్డు ఉంది. కిటికీ వెనక ఒకావిడ కూర్చుని ఉంది, యాభై ఎనిమిది యాభై తొమ్మిది ఉంటాయి. కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. ముందున్న ముసలాయన్ని కసురుతోంది. నా వంతు వచ్చింది.

"ఏం కావాలి?"

"నా భర్తకి వైకల్యం లేదని రాసివ్వాలి."

"అది డాక్టరు రాస్తారు. ఆస్పత్రికెళ్ళండి."

"ఆయన పోయారు."

"అయితే మున్సిపాలిటీ. నెక్స్ట్."

"నెక్స్ట్ ఎవరూ లేరు, నేనే ఉన్నాను" అని ఉత్తరం కిటికీలోంచి తోశాను. విసుక్కుంటూ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత నా చీర కేసి, చంకలో ఫైలు కేసి చూసింది.

"ఎవరు వేశారు మీ రిటర్ను?"

చెప్పాను. కాళ్ళకి దండం పెట్టినదానితో సహా చెప్పాను.

"చదువుకున్నవాళ్ళు, టీచర్లు! రిటర్ను వేసుకోడానికి ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదని తెలీదా? గవర్నమెంటు సైటులో ఫ్రీ. మీ పెన్షనూ వడ్డీ అన్నీ ముందే నింపి ఉంటాయి. చూసుకుని, సరిగ్గా ఉందంటే ఉంది, లేదంటే లేదు అనడమే. అదీ రాకపోతే ఇక్కడికొస్తే చూపిస్తాం, దానికీ డబ్బుల్లేవు."

"మాకెవరు చెప్పారండి?"

"గోడ మీద ఉంది."

తిరిగి చూశాను. గోడ మీద ఉంది నిజమే, సగం. మిగతా సగానికి అడ్డంగా ఇనప బీరువా. నేను బీరువా కేసి వేలు చూపించాను. ఆవిడ కూడా చూసింది. పక్కనున్న కంప్యూటరు ముందు కుర్చీ లాగి "కూర్చోండి" అంది.

"నేను చెయ్యను. మీరే చెయ్యాలి. నేను చూపిస్తా" అంది మళ్ళీ, గట్టిగా. పాస్‌వర్డు లేదన్నాను. ఆధార్‌తో కొత్తది పెట్టుకోవచ్చంది. నా ఫోనుకి అంకెలు వచ్చాయి, కొట్టాను. తలుపు తెరుచుకుంది. నా పేరు, నా పాను నంబరు, నా వీధి. మొబైలు నంబరు మాత్రం నాది కాదు. మెయిలు కూడా నాది కాదు. రెండూ వాడివి. మూడేళ్ళుగా పన్ను శాఖ నాకు పంపినవన్నీ వాడు చదివి పక్కన పడేశాడు. అమ్మయ్య, వాడిదే అంతా, నాదేం తప్పు లేదని ఒక్క క్షణం ప్రాణం హాయిగా ఉంది.

ఆవిడ ఆ హాయి కూడా ఉంచలేదు.

"మరి రిటర్ను ఖాయం చెయ్యాలంటే మీ ఆధార్ ఫోనుకి ఓటీపీ రావాలే. అది మీ చేతిలో ఉన్న ఫోనే కదా? అది లేకుండా పని జరగదు. మూడుసార్లు వచ్చి ఉంటుంది. ఎవరికి చెప్పారు?"

గుర్తొచ్చింది. ఏటా జులైలో వాడు ఫోన్ చేసేవాడు. "టీచర్ గారూ, ఇప్పుడు ఆరంకెలు వస్తాయండి, కాస్త చదవండి." ఒకసారి నేను వడియాలు వేయిస్తున్నాను. పొయ్యి కట్టేసి, కళ్ళజోడు వెతుక్కుని, డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో అంకె విడివిడిగా చదివాను. సరిగ్గా రాసుకున్నాడో లేదో అని మళ్ళీ ఒకసారి చెప్పాను కూడా. అది నా సంతకమని నాకు తెలీదు. ప్రోగ్రెస్ కార్డు చదవకుండా సంతకం పెట్టిన తండ్రుల్ని స్కూలుకి పిలిపించి చీవాట్లు పెట్టినదాన్ని నేను. మా ఆయన్ని మూడుసార్లు అవిటివాణ్ణి చేసింది వాడు ఒక్కడే కాదు.

ఆవిడ మంచినీళ్ళ సీసా నా వైపు జరిపింది. "అందరూ అంతేలెండి" అంది. అది ఓదార్పులా లేదు, తిట్టులాగే ఉంది. అయినా తాగాను.

ఆ రోజు మొబైలు నంబరూ మెయిలూ నావి పెట్టుకుని, వాడి మీద ఒక ఫిర్యాదు రాసిచ్చాను. నా ఒక్కదాని సంగతే రాశాను, మిగతావాళ్ళ పేర్లు ఎత్తలేదు. ఎంత తిరిగి కట్టాలో లెక్క చూపించింది. ఈ ఏడాదిది సవరిస్తే సరిపోతుందట, వెనకటి రెండేళ్ళకి అపరాధ రుసుము కూడా కలిపి వేరే రిటర్నులు వేయాలట. అవి తర్వాత, ముందు నెలాఖరుది కానివ్వండి అంది. కాగితం మీద పెన్సిలుతో నేనూ వేసుకున్నాను, రెండుసార్లు కూడి చూసుకున్నాను. మా ఆయన ఫైల్లోంచి తీసిన పెన్సిలే.

లేవబోతూ, ఎనభై దాటినవాళ్ళ సంగతేమిటని అడిగాను. ఎనభై దాటినవాళ్ళు మామూలు పెన్షనుదారులైతే కాగితం ఫారం మీద చేత్తో రాసి ఇచ్చినా తీసుకుంటారట, కంప్యూటరు జోలికే పోనక్కర్లేదట. డెబ్బై అయిదు దాటి, పెన్షనూ వడ్డీ ఒకే బ్యాంకులో పడే కొందరైతే బ్యాంకులో ఒక కాగితం ఇస్తే చాలట, అసలు రిటర్నే అక్కర్లేదట. ఇవన్నీ ఎప్పటినుంచి ఉన్నాయి అన్నాను. ఏళ్ళ నుంచి ఉన్నాయి అంది. బీరువా వెనకాల ఉన్నాయన్నమాట.

ఫారం ఒకటి తీసుకెళ్ళి అక్క గుమ్మంలో చెప్పుల స్టాండు మీద పెట్టి, బెల్లు కొట్టి, ఆవిడ వచ్చేలోగా వచ్చేశాను. మొహం చూడాలనిపించలేదు. రెండు రోజులు చడీ చప్పుడూ లేదు. మూడో రోజు సాయంత్రం ఫోను. హలో లేదు, పలకరింపు లేదు.

"వాణ్ణి అడిగాను. నేను ఏదో పార్టీకి చందా ఇచ్చానట. లక్షల్లో."

"ఏ పార్టీకి?"

"వాడికే గుర్తులేదట! జన్మలో ఓటు ఎవరికి వేశానో మా ఇంటాయనకే చెప్పలేదు నేను. రేపు ఎన్ని గంటలకి ఆటో?"

"పదింటికి."

"నేను నీతో మాట్లాడను. ఆటోలో మాత్రం వస్తా" అని పెట్టేసింది.

మాట నిలబెట్టుకుంది. మిర్చి యార్డుకి పోయే లారీల వెనకాల ఆటో ఆగినప్పుడల్లా ఇద్దరం తుమ్మాం, కళ్ళు తుడుచుకున్నాం, ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. దారిలో బ్యాంకు దగ్గర ఆపి నేను చలానా కట్టివచ్చాను. కూడబెట్టుకున్న దాంట్లో ఒక పెద్ద ముక్క విరిగింది. వాడు తీసుకున్న వాటా కూడా నేనే కట్టాను. అది వాడి దగ్గర ఏనాటికీ రాదు. వాడి బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది. పెద్దావిడకి మతి తప్పింది పాపం, సార్ పోయిన దిగులుతో ఏదేదో అంటోంది అని చెప్పుకుంటున్నాడని ఆ తర్వాత విన్నాను. చెప్పుకోనీ.

కిటికీ ఆవిడ అక్కని బల్ల దగ్గర కూర్చోబెట్టి ఫారం రాసుకోమంది. అక్క చేతిరాత ఇప్పటికీ ముత్యాలే. నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి వెనక నిలబడింది. సవరణ రిటర్ను అన్నచోట నొక్కాను. నా పెన్షను, సరే. ఆయన తాలూకు ఫ్యామిలీ పెన్షను, సరే. బ్యాంకు వడ్డీ, సరే. ఒక పక్క ఆయన పోయినందుకు నాకు ఇచ్చే పెన్షను, రెండు పేజీలు తిప్పితే ఆయన మంచాన ఉన్నందుకు మినహాయింపు. ఈ రెండూ ఒకే రిటర్నులో పెట్టి పంపాడు ఆ తెలివిగలవాడు.

ఆ పేజీ వచ్చింది. ఆధారపడిన వ్యక్తి: భర్త. ఆధార్ నంబరు. ఆ వరస చివర చెత్తబుట్ట బొమ్మ.

"అది నొక్కండి" అంది.

నొక్కాను. తెర మధ్యలో చిన్న పెట్టె వచ్చింది. ఈ వివరాలు తీసెయ్యాలని ఖాయంగా అనుకుంటున్నారా అని అడుగుతోంది. అవును, కాదు.

పది పన్నెండు రోజులుగా దీనికోసమే కదా ఊరంతా తిరిగాను. అక్కతో తగువు పడ్డాను, పార్కు పోగొట్టుకున్నాను, డబ్బు కట్టాను. తీరా అక్కడికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. ఆయన పోయినప్పుడు రేషన్ కార్డులో పేరు మా మరిది తీయించాడు. బ్యాంకులో పేరు వాళ్ళే తీసేశారు. కరెంటు బిల్లు మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంది, నేను మార్పించలేదు. ఆయన్ని నా చేత్తో నేను ఎక్కడా తీసెయ్యలేదు. ఇదొక్కటే, అదీ ఆ దుర్మార్గుడు పెట్టిన తప్పుడు ఆయన్ని. ఆ అబద్ధపు మనిషిని తీసెయ్యడానికి కూడా నాకు ప్రాణం ఒప్పలేదు. దీనికి కూడా వాణ్ణి క్షమించను.

ఫ్యాను తిరుగుతోంది. వెనక ఆవిడ కసరలేదు, తొందరపెట్టలేదు. బల్ల దగ్గర అక్క పెన్ను చప్పుడు ఆగింది.

"తీసెయ్యి అమ్మాయ్" అంది అక్క, మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. "ఆయన అలా ఉండిపోతే ఒప్పుకునేవాడా?"

ఒప్పుకునేవారు కాదు. అవును అన్నచోట నొక్కాను. వరస మాయమైంది. ముక్కు చీదుకున్నాను. మిర్చి ఘాటు అన్నాను, ఎవరూ అడగకపోయినా.

మిగతా పేజీలు తిప్పి, చలానా నంబరు కొట్టి, నా పెన్సిలు లెక్కతో సరిపోయిందని చూసుకుని పంపించాను. చేతిలో ఫోను గుయ్యిమంది. ఆరంకెలు.

"వచ్చిందా? చదవండి" అంది ఆవిడ, అలవాటుగా నా భుజం మీంచి కీబోర్డు మీదికి చెయ్యి చాపుతూ.

పరీక్షలో పక్కవాడికి కనబడకుండా పిల్లలు పలకని దాచుకున్నట్టు ఫోను గుండెలకి ఆనించుకున్నాను.

"చెప్పను" అన్నాను. "నేనే కొట్టుకుంటాను."